తప్పయిపోయిందయ్యా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బెజవాడ పటమటలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలక్కూడా ఆ సంగతి తెలుసు. మా హెడ్మాస్టరుగారు నన్ను పిలిపించే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు. ఇంత నోరున్న దాన్ని, ఒక్క మాట దగ్గర బోల్తా పడ్డాను. అదీ డీఎస్పీగారి ముందు, మా వాళ్ళందరూ చూస్తుండగా. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గేమీ లేదు.

మేం యానాదులం. మాది బెజవాడ నుంచి బస్సులో గంటన్నర దూరంలో, బందరు కాలువ గట్టు మీద వేసుకున్న గుడిసెల వరస. మా వాళ్ళు పొలాల్లో ఎలుకలు పడతారు, కాలువలో చేపలు పడతారు, ఇప్పుడు ఎక్కువమంది రొయ్యల చెరువులకి కాపలా ఉంటున్నారు. చెరువు మీద చిన్న పాక, అందులోనే తిండి, అందులోనే పడక. ఊళ్ళోవాళ్ళకి మాకు పేర్లున్నాయని తెలియదు, "గట్టు మీదోళ్ళు" అంటే సరిపోతుంది. కోపమొస్తే కులం పెట్టి పిలుస్తారు. అదే కులానికి ఆఫీసుకెళ్ళి సర్టిఫికెట్ అడిగితే మాత్రం, మీరు యానాదులని నమ్మకమేంటి అంటారు. తిట్టేటప్పుడు ఎవరూ రుజువు అడగరు, అదొక సుఖం.

పంచాయతీలో మా వార్డు సీటు గిరిజన మహిళకి రిజర్వు అయింది. అందులో మా వదిన మెంబరు. ఆవిణ్ణి నిలబెట్టింది మా అన్న కాపలా ఉండే చెరువు ఆసామే. ఆయన మనిషి సంతకాల పుస్తకం గట్టు మీదికి పట్టుకొచ్చేవాడు. వదిన పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, చెయ్యి చీరకి తుడుచుకుని సంతకం పెట్టేది. మెంబరయ్యాక మూడేళ్ళలో ఆవిడ పంచాయతీ ఆఫీసు లోపల కుర్చీ ఏ రంగులో ఉందో చూడలేదు. ఏమ్మా మెంబరుగారూ అని నేను ఎగతాళి చేస్తే నవ్వేసేది.

మా సంఘం పటమటలోనే, ఒక జిరాక్స్ షాపు మీద గదిలో ఉంటుంది. డెల్టాలో ఎక్కడ మావాళ్ళ మీద చెయ్యి పడినా ఫోను ఆ గదికే వస్తుంది. దాన్ని నడిపేది పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, అందరికీ పెద్దమ్మే. గుణదలలో ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసి, డాక్టర్లని కూడా కసిరిన మనిషి. ఆమె పెట్టిన మొదటి రూలు కుర్చీ గురించి. ఏ ఆఫీసుకెళ్ళినా నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోవడం అసలు కూడదు. కుర్చీ అడగాలి. లేదంటే నిలబడాలి. మొదట్లో మా ముసలివాళ్ళకి ఇది పెద్ద శిక్షలా ఉండేది. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళకి హాయిగా ఉంటుందే, ఈవిడెవరమ్మా పీక్కుతింటోంది అని గొణిగేవాళ్ళు. నేను ఆ సంఘానికి రాతమనిషిని. అర్జీలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి.

మొన్న ఎండాకాలం ఒక ఉదయం, మూడో పీరియడ్‌లో ఉండగా వదిన ఫోన్ చేసింది. మాట్లాడలేకపోతోంది. "అమ్మాయ్, మీ అన్నని కొట్టారు," అని మాత్రం అంది. పిల్లలకి ఏం చెప్పానో, మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికి అన్న కుడిచెయ్యి మోచేతి కింద విరిగిపోయి వేలాడుతోంది. వీపు మీద వెదురుకర్ర పడిన చోటల్లా చర్మం లేచిపోయింది. ఆ వీపు మీదెక్కి చిన్నప్పుడు నేను కాలువ దాటేదాన్ని. గోడ పట్టుకుని ఏడ్చాను.

జరిగిందేంటంటే, తెల్లారేసరికి చెరువులో ఏరేటర్ మోటారు ఒకటి కనపడలేదు. నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే మిషను అది. ఆసామి వచ్చాడు, ఇద్దరు మనుషుల్ని పెట్టి అన్నని కొట్టించాడు. తర్వాత పంచాయతీ ఆఫీసు దగ్గరికి లాక్కెళ్ళారు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని, మోటారు తీసింది నువ్వేనారా అని అడిగారు. అన్న, "తప్పయిపోయిందయ్యా," అన్నాడు. అంతే. ఆ మాట కాగితం మీద రాశారు, సాక్షులుగా నలుగురూ సంతకాలు చేశారు, కింద అన్న వేలిముద్ర వేయించారు. మా అన్నకి సంతకం వచ్చు. నేనే నేర్పాను, మూడు నెలలు పట్టింది. కుడిచెయ్యి లేవదు కనక ఎడమ బొటనవేలు పట్టుకుని ఇంకులో ముంచారు. ఇదంతా జరుగుతుంటే ఆ ఆఫీసుకి మెంబరైన మా వదిన బయట గేటు దగ్గర నిలబడి ఉంది.

మంచం పక్కన కూర్చుని అడిగాను. "మోటారు నువ్వు తీశావా?"

"నేనెందుకు తీస్తాను? నాకేం పని దాంతో?"

"మరి తప్పయిపోయిందని ఎందుకన్నావురా అన్నా?"

అన్న నా మొహం వంక చూశాడు. "అన్నానా?" అన్నాడు.

అబద్ధం చెప్పడం వాడికి రాదు. ఆ మాట అన్నట్టు నిజంగానే గుర్తులేదు వాడికి.

స్టేషన్‌లో మా ఫిర్యాదు తీసుకోలేదు. కొట్టినందుకు అట్రాసిటీ కేసు పెట్టమని నేను రాసుకెళ్ళిన కాగితం ఎస్సైగారు చదవకుండానే పక్కన పెట్టారు. "మీ అన్న ఒప్పుకున్నాడమ్మా. పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు. ముందు దొంగతనం కేసు సంగతి చూసుకోండి," అన్నారు. పక్కనున్న రైటరు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని సామెత ఒకటి కలిపాడు. నేను గొంతు పెంచాను. గొంతు పెంచితే ఏమవుతుంది, బయటికి నడవమన్నారు.

ఆ వారంలోనే ఆసామి కబురు పంపాడు. కేసు తేలి అన్న జైలుకెళ్తే, దొంగలున్న చోట గుడిసెలు ఉండకూడదట, గట్టు ఖాళీ చేయిస్తాడట. చుట్టుపక్కల చెరువులవాళ్ళు కూడా మావాళ్ళని కాపలా మాన్పించడం మొదలెట్టారు. మా తాతల రోజుల్లో దొంగతనం ఎక్కడ జరిగినా ముందు మావాళ్ళనే స్టేషన్‌కి పట్టుకెళ్ళేవాళ్ళట. ఆ పేరు చెరుపుకోవడానికి మాకు రెండు తరాలు పట్టింది. ఒక్క కాగితంతో మళ్ళీ వెనక్కి తోస్తున్నారు. అన్న చేతికి కట్టుతో మంచం మీద పడుకుని ఇంటి కప్పు వంక చూస్తూ ఉండేవాడు, వదినతో కూడా మాట్లాడేవాడు కాదు.

సంఘం గదిలో మీటింగు పెట్టాం. అక్కడ నన్ను ఎక్కువ బాధపెట్టింది పోలీసులు కాదు, మావాళ్ళే. "ఒప్పుకున్నాడంటగా తల్లీ, ఇంకేం చేస్తాం," అని ఒకాయన మెల్లగా అన్నాడు. ఇంకొకరు తల ఊపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. టీ గ్లాసులు అందిస్తున్నదాన్ని, విసురుగా తిరిగాను. చేతిలో గ్లాసు ఒలికి, గోడవారగా కూర్చున్న ముసలాయన ఒళ్ళో పడింది. మా గట్టు మీద అందరికన్నా పెద్దవాడు ఆయన, అందరం తాతా అంటాం. వేడి టీ తొడ మీద పడితే ఆ తాత చటుక్కున లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

నేను నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

"తాతా, టీ పోసింది నేను. నువ్వేం తప్పు చేశావు?"

తాత ఆలోచించాడు. "ఏమో మరి," అన్నాడు.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఒక్కొక్కళ్ళకీ గుర్తుకి రావడం మొదలైంది. బస్సులో కండక్టరు కసిరితే ఆ మాటే. రేషన్ షాపులో బియ్యం అయిపోయాయంటే ఆ మాటే. కుక్క మొరిగి, కుక్కగలాయన తలుపు తీస్తే ఆ మాటే. ఎదుటివాడు గొంతు పెంచితే చాలు, మా నోట్లోంచి అది వచ్చేస్తుంది. ఊళ్ళోవాళ్ళు గుమ్మడికాయల దొంగ సామెత చెబుతారు గానీ, మావాళ్ళు గుమ్మడికాయ మొహం కూడా చూడకుండా భుజాలు తడుముకుంటారు. మా అమ్మ మాకు అన్నం పెట్టడం కన్నా ముందు నేర్పింది అదే, తప్పయిపోయిందయ్యా అంటే దెబ్బలు తగ్గుతాయని. నమస్కారం లాగా అది మా మర్యాద. దాన్ని తీసుకెళ్ళి వాళ్ళు నేరం ఒప్పుకోలు అని రాసుకున్నారు.

పెద్దమ్మ ఆ రోజే ఇంకో రూలు పెట్టింది. సంఘం గదిలో ఎవరు ఆ మాటన్నా ఆ రోజు అందరికీ వాళ్ళే టీ పెట్టాలి. తాత వరసగా నాలుగు మీటింగులు టీ పెట్టాడు. నా వంతు ఎప్పుడూ రాలేదు. బీయీడీ చదివిన దాన్ని, పిల్లలకి సంధులూ సమాసాలూ చెప్పే దాన్ని, ఆ మాట నా నోట ఎందుకొస్తుంది అని లోపల కాస్త పొగరుగానే ఉండేది.

పై అధికారులకి అర్జీల మీద అర్జీలు పెట్టాం. చివరికి డీఎస్పీగారు విచారణకి రమ్మన్నారు. నేను ఏడు పేజీలు రాసుకున్నాను. మా భాష, మా భయం, మా చరిత్ర అన్నీ అందులో ఉన్నాయి. అద్దం ముందు రెండుసార్లు చదువుకున్నాను. మంగళగిరి చీర గంజిపెట్టి కట్టుకున్నాను, ఆ చీర కడితే నా నడుము దానంతటదే నిటారుగా నిలబడుతుంది. గట్టు మీద నుంచి మొత్తం వచ్చారు, బస్సులో సగం మేమే. అన్న కిటికీ పక్కన కూర్చుని చేతికట్టు మీద గుడ్డ కప్పుకున్నాడు.

డీఎస్పీగారు రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఎస్సైగారు, ఆసామి అప్పటికే కుర్చీల్లో ఉన్నారు. మేం గోడవారగా నిలబడ్డాం. డీఎస్పీగారు కూర్చోండమ్మా అని నేల చూపించబోయారు. పెద్దమ్మ, "కుర్చీలు వేయించండి బాబూ, నేల మీద కూర్చోం," అంది. ఆయన కనుబొమలు పైకి వెళ్ళాయి, కానీ వేయించమన్నారు. కానిస్టేబుల్‌కి చిరాకొచ్చింది. పక్కగదిలోంచి ఇనుప కుర్చీలు ఈడ్చుకొచ్చి ఒకదాని తర్వాత ఒకటి దబదబా వేయడం మొదలెట్టాడు.

నేను నా ఏడు పేజీలూ విప్పి, "అయ్యా, మా అన్న అన్న మాట ఒప్పుకోలు కాదండీ," అని మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఆ కానిస్టేబుల్ ఒక కుర్చీ తెచ్చి, దాని కాలు తిన్నగా నా కాలి బొటనవేలి మీద పెట్టి, పైనుంచి నొక్కాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. "చూసుకోవాలమ్మా," అని కసిరాడు.

"తప్పయిపోయిందయ్యా," అన్నాను.

నా చేతులు కూడా జోడించి ఉన్నాయి. కాగితాలు కింద పడ్డాయి. పెద్దమ్మ నా వంక చూసింది, తాత చూశాడు, అన్న చూశాడు. భూమి చీలితే బాగుండును అనిపించింది. చదువు, ఉద్యోగం, గంజిపెట్టిన చీర, అన్నీ కలిసి నన్ను ఒక్క క్షణం కూడా కాయలేకపోయాయి.

డీఎస్పీగారు ముందుకి వంగారు. "కుర్చీ వేసింది ఆయన. దెబ్బ తగిలింది మీకు. తప్పు మీదంటారేంటమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ వెనకే వెలుగొచ్చింది. చెప్పాను కదా, నాకు నోరుంది. వేలు నెత్తురోడుతుంటే అలాగే నిలబడి అన్నాను. "ఇదేనండీ మా కేసు. నేను టీచర్నండీ. ఇప్పుడు నేను చేసిన నేరమేంటో రాసుకోండి. రాసుకుని ఇక్కడున్న నలుగురి చేత సంతకాలు పెట్టించండి. మా అన్నకీ ఇదే జరిగింది, కాకపోతే వాడికి చెయ్యి విరిగాక."

డీఎస్పీగారు నా కాలి వంక చూశారు. తర్వాత ఫైల్లోంచి ఆ కాగితం తీసి మొదటిసారిగా నిదానంగా చదివారు. మా అన్నని పిలిచి, సంతకం వచ్చా అని అడిగారు. వచ్చండీ అన్నాడు అన్న. ఎడమచేత్తో పెట్టి చూపించమన్నారు. కుడిచెయ్యి కట్టులో ఉంది మరి. వంకరటింకరగా, చంటిపిల్లాడి రాతలా, కానీ అక్షరం పోకుండా పెట్టాడు. డీఎస్పీగారు ఎస్సైగారి వైపు తిరిగి, "సంతకం వచ్చినవాడి చేత వేలిముద్ర ఎందుకు వేయించారు? చెయ్యి అప్పటికే విరిగి ఉందనేగా?" అన్నారు. తర్వాత ఇంకోటి అడిగారు. మోటారు దొరికిందా అని. ఎస్సైగారు లేదన్నారు. వెతికారా అని అడిగారు. ఒప్పుకున్న కాగితం చేతిలో ఉంటే మోటారు వెతికే ఖర్మ ఎవరికి?

ఆయన వెతికించారు. మూడు రోజుల్లో దొరికింది. ఆటోనగర్‌లో వైండింగ్ షాపులో, ఆసామి సొంత బావమరిది పేరు రాసిన చీటీ కట్టుకుని, ఒక మూల దుమ్ము కొట్టుకుంటూ ఉంది. మోటారు కాలిపోతే ఆ బావమరిదే వైండింగ్‌కి ఇచ్చాడట, ఊరెళ్ళి మర్చిపోయాడట. తర్వాత తెలిసినా, అప్పటికే మనిషి చెయ్యి విరిచేశాక ఇప్పుడేం చెబుతాంలే అని ఊరుకున్నాడట. ఊరుకోవడం ఎంత తేలికో చూడండి.

అన్న మీద కేసు కొట్టేశారు. ఆసామి మీదా, కొట్టిన ఇద్దరి మీదా అట్రాసిటీ కింద ఎఫ్ఐఆర్ అయింది. ఆ కాపీ మా చేతికొచ్చిన రోజు బస్సు దిగి గట్టు మీదికి నడుస్తుంటే, ఎవరు మొదలెట్టారో గానీ డప్పు మోగింది. నేను కుంటుకుంటూనే చిందేశాను. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి నాలుగడుగులు వేసింది. మాన్పించిన కాపలావాళ్ళని చెరువులవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ పిలిచారు. నా ఏడు పేజీలు ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాతి మీటింగులో అందరికీ టీ పెట్టింది నేనే, పంచదార తక్కువైందని తాత రెండుసార్లు పెట్టించాడు.

ఆ నెల పంచాయతీ మీటింగుకి సంతకాల పుస్తకం గట్టు మీదికి వస్తే వదిన పెట్టలేదు. "నేనే వస్తానని చెప్పు," అంది. వెళ్ళింది. లోపలికి నడిచి కుర్చీలో కూర్చుంది. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "నీలం రంగు," అంది. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం, చివర్లో ఆవిడ ఏడ్చింది కూడా.

తర్వాత కొన్నాళ్ళకి ఒక ఆదివారం, మేమంతా అన్న ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని ఉండగా కారొచ్చి గట్టు కింద ఆగింది. ఆసామి దిగాడు. బెయిలు మీద బయట ఉన్నాడప్పుడు. ఎప్పుడూ కారులోంచే కేకేసే మనిషి, ఆ రోజు గట్టెక్కి వచ్చాడు. ఎవరూ లేవలేదు. తాత కాళ్ళు లేవబోయాయి, పెద్దమ్మ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. పక్కనున్న ఖాళీ కుర్చీ వదిన ఆసామికి వేసింది. ఆయన కూర్చోలేదు. అన్న కట్టు విప్పిన చేతి వంక చూసి, ఎటో చూసి, కోర్టుల చుట్టూ తిరగడం ఇద్దరికీ కష్టమే అన్నాడు, రాజీ పడదామన్నాడు. అన్న ఆ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకి ఇంకేం తోచినట్టు లేదు.

"ఏదో, తప్పయిపోయిందిరా," అన్నాడు.

తాత ఉండబట్టలేక, "మా సంఘంలో ఆ మాటంటే టీ పెట్టాలండీ," అన్నాడు. అందరం ఫక్కున నవ్వాం. అన్న నవ్వలేదు. కుర్చీలోంచి లేవలేదు, చేతులు జోడించలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఆ మాట నాకు కాదండీ, స్టేషన్‌కెళ్ళి చెప్పండి," అన్నాడు. "వాళ్ళు రాసుకుంటారు. కింద వేలిముద్ర వేయించుకుంటారు."